డొంక దారిలో బరువు సైకిలు

ఏలూరు కాలువ గట్టు వెంట తెల్లవారుజామున గుణదల మీదుగా బెజవాడలోనికి వచ్చు బరువు సైకిళ్లు ఒకప్పుడు బారులు తీరి ఉండెడివి. క్యారియరునకు ఇరుప్రక్కల పాలక్యానులు, లేదా అరటిగెలలు, లేదా ఆకుకూరల గంపలు. క్రింద మట్టి గట్టు, బండిచక్రములు త్రొక్కిన గాడులు, ఒక ప్రక్క నీరు. అయినను ఆ సైకిలు తొట్రుపడక సాగిపోయెడిది. మోపెడ్లు, ఆటోలు వచ్చిన పిమ్మట వాని సంఖ్య తగ్గినదే కాని పూర్తిగా పోలేదు; ప్రాతఃకాలమున గట్టు మీద నిలిచినవారికి ఇప్పటికిని అట్టివి కొన్ని కనబడును. అదే గట్టు మీద మన విద్యార్థి పుస్తకముల సంచిని హ్యాండిలునకు వ్రేలాడదీసి, స్నేహితుని క్యారియరు మీద కూర్చుండబెట్టుకొని వచ్చుచు, ఫర్లాంగునకొకసారి కాలు నేల మోపుచుండును. పాలవాడు నడివయసు దాటినవాడు. విద్యార్థి ఇరువది యేండ్ల వాడు. బలమే కారణమైనచో ఫలితము తారుమారు కావలసినది. కారణము మరియొకచోట నున్నది. అది ఎక్కడ నున్నదో విచారించుటయే ఈ వ్యాసము నందు మేము చేయబూనిన పని.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విచారము కాదు. కృష్ణా డెల్టా గ్రామములకు తారురోడ్లు వచ్చినవి. కాని రోడ్డు ఊరి నడుమకు వచ్చి ఆగును. అచ్చటి నుండి పొలముల మధ్య నున్న పేటలకు, కాలువ అవతలి గుడిసెలకు మిగిలిన మైలో, రెండు మైళ్లో డొంకయే దారి. ప్రభుత్వము వారు పాఠశాల బాలికలకు సైకిళ్లు పంచిరి, మంచి పని. ఆ సైకిలు వేసవిలో బయటకు వచ్చును, వానకాలమున గోడకు ఆనుకొని నిలుచును. డొంకలో ఒకటి రెండు మారులు పడిన పిల్లను మూడవమారు ఇంటివారు పంపరు. చదువు మానుటకు పేదరికమనియు, పెండ్లి యనియు పెద్ద కారణములే కాగితముల మీదికి ఎక్కును. రెండు మైళ్ల బురద డొంక అను చిన్న కారణమును ఎవరును వ్రాయరు.

బరువుతో, బాట సరిగా లేనిచోట సైకిలు త్రొక్కుట లోకమునకు క్రొత్త కాదు. పాశ్చాత్య దేశములలో దీనిని ఒక విద్యగా అభ్యసించువారు కలరు. స్కాట్లండు దేశపు కొండల నడుమ నున్న లోయలను అచ్చటివారు గ్లెన్ అందురు. మన కోన అను మాట దానికి చక్కగా సరిపోవును. గొఱ్ఱెలకాపరులు, వేటగాండ్రు, సైనికులు వేసిన బాటలు ఆ కోనల గుండా పోవును. 1731లో జనరల్ వేడ్ అను సేనాని సైనికుల కొరకు కొరియారిక్ కనుమ మీదుగా వేయించిన మార్గము సుమారు 770 మీటర్ల ఎత్తు నెక్కును. ఇప్పుడది రాళ్లు తేలిన బాట. దాని మీద గుడారము, పడక, వంటసామగ్రి సైకిలునకు కట్టుకొని పోవువారున్నారు. ఇట్టి దారులనే వెదకి పోవుటకు 1955లో ఇంగ్లండులో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అను సంఘమే ఏర్పడినది. స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టము, బాధ్యతతో వర్తించినంత కాలము, బీడుల మీదను కోనలలోను సైకిలుపై పోవు హక్కును అందరికిని ఇచ్చినది.

మనవారును వెనుకబడలేదు. 1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరిరి. వారిలో ఆదీ హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అను మువ్వురు పారశీక, సిరియా ఎడారులను దాటి, దేశదేశములు తిరిగి, సుమారు 44,000 మైళ్లు త్రొక్కి 1928 మార్చిలో తిరిగి వచ్చిరి. నాటి సైకిలునకు గేర్లు లేవు, నాటి ఎడారికి దారి లేదు. ఇక బరువు మాటకు వచ్చినచో 1954లో వియత్నాం దేశమున దియన్ బియన్ ఫూ యుద్ధ కాలమందు అడవి కొండబాటలలో సైకిళ్లు చేసిన పని చరిత్రకెక్కినది. ఒక్కొక్క సైకిలు మీద 200 కిలోలకు పైగా బియ్యము, మందుగుండు కట్టి, హ్యాండిలునకొక వెదురు, ఆసనము చోటున మరియొక వెదురు బిగించి, మనుష్యులు ప్రక్కన నడచుచు నెట్టుకొనిపోయిరి. అది త్రొక్కుట కాదు, నెట్టుటయే. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని పడును.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. సామాను, సవారీ, రహదారి, మరమ్మతు — ఈ మాటలన్నియు పారశీక, అరబ్బీ భాషల నుండి ఉర్దూ మూలముగా తెలుగులోనికి వచ్చినవి. గట్టు, గాడి, డొంక, కోన, మూట — ఇవి తెలుగువారి సొంతము. సైకిలు, టైరు, పంపు ఆంగ్లేయుల వెంట వచ్చినవి. మూడు భాషలు కలియనిదే మన ఊరిలో ఒక మూటను ఒక ఊరి నుండి మరియొక ఊరికి చేర్చు సంగతి చెప్పుటకు వీలులేదు. మన కళాశాల సంచికలో ఈ మాట వ్రాసికొనుట అసందర్భము కాదని తలచుచున్నాము.

గుణదల పరిసరముల దారులు మూడు రకములు. మొదటిది కాలువగట్టు. 1852లో ఆరంభమై 1855లో కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున పూర్తియైన కృష్ణా ఆనకట్ట నుండి తూర్పు డెల్టాకు ఏలూరు, రైవస్, బందరు కాలువలు బయలుదేరినవి. ఆనకట్ట 1952లో తెగిన తరువాత దాని స్థానమున ప్రకాశం బ్యారేజి లేచి 1957లో పూర్తియైనది. కాలువలు మాత్రము అవియే. అవి పొలములకు నీరిచ్చుటకే కాక పడవలు నడచుటకును త్రవ్వినవి. గాలి లేని వేళ పడవలను మనుష్యులు గట్టు మీద నడచుచు త్రాళ్లతో లాగెడివారు. అందువలన గట్టు మీద అంతరాయము లేని నడకదారి ఉండుట అవసరమైనది. గుణదల దగ్గరి పడవల రేవు పేరు ఆ కాలమును ఇప్పటికిని చెప్పుచున్నది. పడవలు పోయినవి, లాగుడుదారి మిగిలినది. దానినే సైకిలు వారసత్వముగా పొందినది. నీరు మెల్లగా పారుటకు కాలువ వాలు బహుస్వల్పముగా పెట్టుదురు గనుక గట్టు కూడ దాదాపు సమతలముగా ఉండును. బరువు సైకిలునకు ఇంతకంటె మంచి దారి దొరకదు. నగరము లోపలి గట్టునకు తారు, సిమెంటు వచ్చినవి. రామవరప్పాడు దాటి ఎనికేపాడు, నిడమానూరు వైపు పోవుకొలది అచ్చటచ్చట మట్టి దారియే కనబడును.

రెండవది డొంక. ఇరుప్రక్కల పొలములకంటె పల్లముగా ఉండి, ఎడ్లబండ్లు, నేడు ట్రాక్టర్లు నడచి నడచి గాడులు పడిన దారి. మూడవది కోన. విజయవాడకు వాయవ్యమున నున్న కొండపల్లి కొండల మడతలలో బండిబాటలు, కాలిబాటలు కలవు. బొమ్మలకు పేరుపొందిన తెల్లపొణికి కఱ్ఱ ఈ కొండలదే. గట్టు మీద సమతలము, డొంకలో గాడి, కోనలో ఎగుడు దిగుడు; మూడు చోట్ల బరువు మూడు విధములుగా వర్తించును.

ముందుగా బరువును ఎచ్చట కట్టవలెనో చూతము. సైకిలు నిలుచుటకు కారణము దాని వేగమొక్కటియే కాదు. త్రొక్కువాడు తనకు తెలియకయే హ్యాండిలును అణుమాత్రము ఇటునటు త్రిప్పుచు, ఒరగబోవు బండి క్రిందికి చక్రములను తెచ్చుచుండును. డొంకలో వేగము తగ్గును గనుక ఈ దిద్దుబాట్లు పెద్దవి కావలసి వచ్చును. బరువు ఎత్తున నున్నచో ప్రతి ఒరుగుటయు దానిని ఎక్కువగా ప్రక్కకు లాగును. దిద్దుటకు ఎక్కువ శ్రమ. బరువు ఇరుసునకు దగ్గరగా, క్రిందుగా ఉన్నచో తక్కువ శ్రమ. కళాశాల ఆవరణములో మేము దీనిని విద్యార్థుల చేత పరీక్షింపజేసితిమి. ఆరు ఇటుకలను ఒక మూటగా క్యారియరు మీద ఎత్తుగా కట్టి, నేల మీద సున్నముతో గీసిన గీత వెంట నడకవేగమున త్రొక్కుమంటిమి. తరువాత అవియే ఇటుకలను మూడు చొప్పున రెండు గోనెసంచులలో వేసి క్యారియరునకు ఇరుప్రక్కల క్రిందుగా వ్రేలాడదీసి, సంచులు ఊగకుండ అడుగును కూడ కట్టి త్రొక్కుమంటిమి. మొదటి పద్ధతిలో చాలమంది గీతను చెరియొక ప్రక్క దాటిరి; రెండవ పద్ధతిలో ఆ విద్యార్థులే గీతను అంటిపెట్టుకొని పోయిరి. ఇటుకలు మారలేదు, మనుష్యులు మారలేదు.

పాలవాని క్యానులు చక్రమునకు ఇరుప్రక్కల క్రిందుగా వ్రేలాడుటలోని మర్మమిదియే. వంటగ్యాసు సిలిండర్లను సైకిలు మీద చేర్చువారును వానిని క్యారియరునకు ప్రక్కలనే తగిలించుదురు. వారెవరును గురుత్వకేంద్రమును గూర్చి పాఠము చదివినవారు కారు. పాఠము చదివిన మనము సంచిని హ్యాండిలునకు తగిలించుకొనుచున్నాము! హ్యాండిలునకు తగిలించిన బరువు ఊగును. ఊగిన ప్రతిమారు చక్రమును త్రిప్పజూచును. గతుకులో పడినపుడు సంచి వెళ్లి చువ్వలలో చిక్కుకొనును. ముందుచక్రము ఆగినచో మనిషి హ్యాండిలు మీదుగా ముందునకు పడును. గట్టు మీద జరుగు ప్రమాదములలో ఇది చెడ్డది.

మరియొక సంగతి. నిండుకుండ తొణకదని సామెత. సగము నిండిన క్యానులో పాలు ఇటునటు కొట్టుకొనుచు సైకిలు ఒక ప్రక్కకు ఒరిగిన క్షణముననే తామును అటే పోవును. దిద్దుకొనబోవు మనిషికి అది ఎదురుదెబ్బ. అందుచేత రెండు క్యానులు సగము సగముగా ఉన్నచో ఒకదానిని నింపి, రెండవదానిలో అంతే బరువు గల కదలని వస్తువును పెట్టుట మేలు. పుస్తకములకును ఇదే సూత్రము: సంచిలో వదులుగా పడి దొర్లు పుస్తకముల కంటె పట్టీతో బిగించిన పుస్తకములు సగము బరువుగా తోచును. బరువంతయు వెనుకనే పెట్టుట కూడ మంచిది కాదు. గట్టు ఎక్కునపుడు ముందుచక్రము తేలిపోయి మాట వినదు. దూరయాత్రికులు కొంత బరువును ముందుచక్రపు ఇరుసునకు ఇరుప్రక్కల క్రిందుగా కట్టుట అందులకే. మన సైకిలు వెనుక చక్రమునకు 40 చువ్వలు, ముందు చక్రమునకు 32 చువ్వలు ఉండుటను ఎందరు గమనించిరో తెలియదు. బరువు వెనుక ఎక్కువగా పడునని చేసినవారికి తెలియును. కాని దాని అర్థము బరువంతయు అచ్చటనే వేయుమని కాదు. బరువులు మోయువారు డబుల్ బారు సైకిలును ఎన్నుకొనుట, ముందు ఫోర్కునకు అదనముగా కడ్డీలు బిగించుకొనుట మనము చూచుచునే ఉన్నాము.

ఇక టైరు. గాలితో నిండిన టైరును 1888లో బెల్ఫాస్టులో డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికి అమర్చెను. అది లేనిచో డొంకలో సైకిలు మాటయే లేదు. టైరులో గాలి ఎంత గట్టిగా ఉన్న అంత మంచిదను నమ్మకము మనలో పాతుకొనిపోయినది. తారురోడ్డు మీద అది నిజము. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు, సామాను 20 కిలోలు, మొత్తము 100 కిలోలనుకొందము. వెనుక చక్రము మీద 60 కిలోలు పడును. టైరులో గాలి చదరపు సెంటీమీటరునకు 3 కిలోల ఒత్తిడితో ఉన్నచో టైరు సుమారు 20 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకి ఆ బరువును మోయును. గాలిని 2 కిలోలకు దించినచో 30 చదరపు సెంటీమీటర్లు. మెత్తని మట్టిలో, ఇసుకలో తాకు చోటు పెరిగినకొలది చక్రము తక్కువగా దిగబడును. గులకరాతిపై ఎగిరిపడుట తగ్గి నేలను పట్టుకొనును. అయితే మితిమీరి దించినచో రాయి తగిలినపుడు ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి ఒకేమారు జంట చిల్లులు పడును. మన ఒకటిన్నర అంగుళముల సన్నని టైరునకు ఆ అపాయము హెచ్చు. కావున బరువు పెరిగినకొలది గాలి దించుట తగ్గించవలెను. బొటనవ్రేలితో గట్టిగా నొక్కినపుడు టైరు కొంచెము లొంగవలెను, రిమ్ము మాత్రము వ్రేలికి తెలియరాదు. పంచరు షాపులవారి కొలబద్ద ఇదియే, చెడ్డది కాదు.

ఎగుడుదారిలో చిక్కు గేరులో నున్నది. సామాన్యమైన మన సైకిలునకు ముందు 48 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగినపుడు వెనుక చక్రము రెండున్నర చుట్లకు పైగా తిరిగి బండి సుమారు 5.9 మీటర్లు ముందునకు పోవును. అదే చుట్టులో పాదము తిరుగు వృత్తము సుమారు 1.04 మీటరు మాత్రమే. పదింటికి ఒకటి చొప్పున ఎత్తు పెరుగు బాటలో 100 కిలోల మొత్తమును పైకి త్రోయుటకు చక్రము వద్ద 10 కిలోల బలము కావలెను. ఆ బలము పాదము వద్ద 5.9 ను 1.04 చేత భాగించినన్ని రెట్లగును. అనగా సుమారు 57 కిలోలు. త్రొక్కువాని బరువే 60 కిలోలు! అతడు తన శరీరమంతటిని పెడలు మీద నిలిపినను, పెడలు సమాంతరముగా ఉన్న క్షణమున మాత్రమే ఆ బలము పూర్తిగా పనికివచ్చును. పైనను క్రిందను వృథా. అందుకే హ్యాండిలును పట్టి లాగుచు, పండ్లు బిగించి, నాలుగు చుట్లు త్రొక్కి అతడు ఆగిపోవును. ఇది బలహీనత కాదు, లెక్క. దూరయాత్రల సైకిలునకు ఒక చుట్టులో 2 మీటర్లు మాత్రమే పోవు గేరు ఉండును. అపుడు అదే ఎత్తునకు పాదము వద్ద 19 కిలోల బలము చాలును. వేగము మూడవ వంతునకు పడిపోవును, కాని మనిషి ఎక్కును.

ఆ గేరు లేనివాడు ఏమి చేయవలెను? దిగి నెట్టవలెను. ఇది చెప్పుట సులభము, యువకుల చేత చేయించుట కష్టము. స్నేహితుల యెదుట దిగుట పరువు తక్కువని భావించి ఎత్తు మీద వంకరటింకరగా త్రొక్కి, వేగము చచ్చి, ప్రక్కకు ఒరిగి పడువారిని చూచుచున్నాము. దియన్ బియన్ ఫూ కొండలలో 200 కిలోలు మోసినవారు త్రొక్కలేదు, నెట్టిరి. స్కాట్లండు కోనలలో పోవువారును ఎత్తైన చోట నడచుదురు; కొన్నిచోట్ల సైకిలును భుజము మీద వేసికొందురు. నెట్టునపుడు సైకిలునకు ఎడమ ప్రక్కన నడచుచు, ఒక చేయి హ్యాండిలు మీద, ఒక చేయి ఆసనము వెనుక ఉంచిన బండి అదుపులో నుండును. ఏటవాలు గట్టు మీద మాత్రము నీటి వైపు నడువరాదు.

దిగుడు ఇంకను జాగ్రత్త కోరును. 100 కిలోలు 100 మీటర్ల ఎత్తు నుండి దిగుచున్నచో బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి ఒక లీటరు నీటిని సుమారు 23 డిగ్రీలు వేడెక్కించునంత. రాడ్డు బ్రేకుల రబ్బర్లు ఉక్కు రిమ్మును నొక్కును. రిమ్ము తడిసినచో నీటిపొర తొలగువరకు పట్టు చాల తగ్గును. వానలో దిగువారు ముందుగానే తేలికగా నొక్కుచు రిమ్మును ఆరబెట్టుకొనవలెను. వదులు గులకలో, మలుపులో ముందు బ్రేకును గట్టిగా పట్టినవాని చక్రము జారును. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో బ్రేకు విడుచుట పద్ధతి. వేగమే లేకున్న ఈ బాధలన్నియు సగమగును.

త్రొక్కు తీరు గూర్చి రెండు మాటలు. గతుకుల మీద ఆసనమునకు అతుక్కొని కూర్చున్నవాడు తన బరువంతటిని గతుకునకు అప్పగించుచున్నాడు. పెడళ్లను సమముగా ఉంచి, మోకాళ్లు కొంచెము వంచి, ఆసనము నుండి రెండు అంగుళములు లేచినచో శరీరము పైనను సైకిలు క్రిందను వేర్వేరుగా కదలును. దెబ్బ మోకాళ్లలో ఆగిపోవును. హ్యాండిలును గుప్పిట బిగించి పట్టరాదు. చక్రము రాతి మీద ఇటునటు తప్పుకొనుటకు కొంత స్వేచ్ఛ ఈయవలెను. చూపు చక్రము ముందు కాదు, పది పదునైదు అడుగుల ఆవల ఉండవలెను. గుంటను చూచుచున్నవాడు గుంటలోనికే పోవును, ఇది వింతయైనను సత్యము. గాడిలో దిగినవాడు గాడి చివరివరకు అందులోనే పోవలెను, లేదా ఆగి దిగి బయటకు రావలెను. వాలుగా ఎక్కజూచినచో గాడి అంచు ముందు చక్రమును పట్టుకొని పడవేయును. గాడిని దాటవలసివచ్చిన అడ్డముగా, నేరుగా దాటవలెను. రైలుపట్టాలకును ఇదే నియమము. గుణదలలో ఉండువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. గట్టు మీద పశువులు ఎదురైనపుడు దిగి పొలము వైపున నిలిచి వానికి దారి ఈయవలెను. చీర, దుపట్టా, బురఖా చివరలు గొలుసులో చిక్కకుండ గొలుసు తొడుగు, వెనుక చక్రమునకు వల తప్పక ఉండవలెను. ఇవి లేని సైకిలును ఆడపిల్లకు ఈయరాదని మా అభిప్రాయము.

వానకాలపు నల్లరేగడి మట్టి వేరు కథ. దానిలోని సూక్ష్మమైన బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బును, జిగురగును. టైరునకు అంటి, మడ్‌గార్డు క్రింద కూరుకొని, చివరకు చక్రము తిరుగనే తిరుగదు. బలముతో దానిని జయింపలేము. చేతిలో ఒక వెదురుపుల్ల ఉంచుకొని మట్టిని తీయుట, డొంక నడుమ కాక గడ్డి మొలచిన అంచున నెట్టుకొనుట, వాన వెలిసిన తరువాత కొంతసేపు ఆగుట, ఈ మూడే ఉపాయములు. పారుచున్న నీటిలోనికి మాత్రము సైకిలును దింపరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినపుడు వీధి ఎక్కడ, కాలువ ఎక్కడ తెలియకపోయినది. మోకాటి లోతు ప్రవాహము సైకిలును ప్రక్కకు త్రోయును. దానికి కట్టిన బరువు అప్పుడు లంగరు వలె మనిషిని పట్టుకొనును.

కొండపల్లి కోనల వైపు పోదలచువారు అది రిజర్వు అడవియని మరువరాదు. స్కాట్లండులో వలె మనకు అందు స్వేచ్ఛాసంచార హక్కు లేదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమునకు లోబడి అటవీశాఖ వారి అనుమతితోనే పోవలెను. వేసవిలో ఎండుగడ్డికి అగ్గిపుల్ల చాలును. అచ్చట పంచరు షాపు ఉండదు. రెండు టైరు లివర్లు, ఒక మారు ట్యూబు, అతుకులు, సొల్యూషను, చిన్న పంపు, స్పానరు, రెండు అదనపు చువ్వలు, ఒక మూర గట్టి త్రాడు సామానులో ముందుగా చేరవలెను. బయలుదేరకముందు చువ్వలను ఒక్కొక్కటిగా వ్రేలితో మీటి చూడుడు. వదులైన చువ్వ మంద్రముగా పలుకును. ఆ ఒక్కటి బిగించుకొనకున్న దాని పని ప్రక్క చువ్వల మీద పడి, దారిలో అవి తెగి, చక్రము బెండు పోవును.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము చిన్నది. సైకిలు షెడ్డులో ఒక నేలపంపు, ఒక పనిముట్ల పెట్టె, వారమునకొక దినము వచ్చు ఒక మెకానికు — ఇంతకు మించి అడుగుట లేదు. పుస్తకముల సంచి వ్రేలాడదీయుటకు క్యారియరు ప్రక్క కొక్కెములను వెల్డింగు షాపులో చేయించుటకు అగు ఖర్చు స్వల్పము. వాని వలన తప్పు దెబ్బలు స్వల్పములు కావు. డొంకల వెంట వచ్చు విద్యార్థినులకు ముందుగా ఈయవలెనని కోరుచున్నాము. పంచరు వేయుట, గొలుసు ఎక్కించుట బాలురతో పాటు బాలికలకును నేర్పవలెను. నడిదారిలో ఇతరుల సాయమునకు ఎదురుచూడక ఇల్లు చేరగల పిల్లను పంపుటకు తల్లిదండ్రులు వెనుదీయరు.

గట్టు వెంట ఒక దినపు యాత్రకు తగిన కాలము సంక్రాంతి వెళ్లిన తరువాతది. వరికోతలు ముగిసి డొంకలు గట్టిపడి ఉండును, ఎండ ముదరదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మేరీమాత తిరునాళ్లకు రోడ్డు, గట్టు జనముతో నిండిపోవును గనుక ఆ వారము విడిచి, జనవరి చివరి ఆదివారమున బయలుదేరుట మంచిది. పడవల రేవు నుండి కాలువ వెంట ఎనికేపాడు వరకు పోయి, బుడమేరు ఏలూరు కాలువ అడుగున సొరంగములో దాటిపోవు చోటు చూచి, అచ్చటనే భోజనము చేసి మరలి రావచ్చును. పేర్లను విద్యార్థులు తెలుగు శాఖలో ఈయవచ్చును. మొదటిసారి వచ్చువారు పది కిలోలకు మించి కట్టరాదు. ఆ పది కిలోలు రెండు ప్రక్కల అయిదు చొప్పున ఉండవలెను.